మూడో గుంజల వరస దగ్గర దొరికిన పన్ను

అక్టోబరు మొదటి శనివారం, ఉదయం పదకొండు గంటలకల్లా క్రైన్ మాల్యార్స్ పంతొమ్మిది వస్తువులకు "కాదు" అని చెప్పేశాడు. వాటిలో పదకొండు రాళ్ళు, అయిదు ఆవు పళ్ళు, రెండు గుర్రం పళ్ళు, ఒకటి ప్లాస్టిక్ పైపు ముక్క. పైపు ముక్క తెచ్చిన పెద్దమనిషి దాన్ని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. అది మంచు యుగం నాటి ఏనుగు దంతం కొస అని ఆయన నమ్మకం. క్రైన్ దాన్ని వెనక్కి తిప్పి, లోపల అచ్చయి ఉన్న అంకె చూపించాడు. పెద్దమనిషి గుడ్డ మాత్రం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బెల్జియం సరిహద్దుకు సైకిల్ మీద పావుగంట దూరంలో ఉన్న మా తీరంలో ఇది మామూలే. ఇక్కడ అలలు గవ్వలకంటే ఎక్కువ శ్రద్ధగా పళ్ళు తెచ్చి పడేస్తాయి. లక్షల, కోట్ల ఏళ్ళ కిందటి సొరచేపల పళ్ళు వేలిగోరంత, గింజంత సైజులో ఇసుకలో దొరుకుతాయి. ఊళ్ళో ప్రతి ఇంటి కిటికీ గట్టుమీదా ఒక సీసాడు పళ్ళు ఉంటాయి. సెలవులకు వచ్చినవాళ్ళూ, అలల జోరు తగ్గించడానికి ఒడ్డు నుంచి నీళ్ళలోకి పాతిన గుంజల వరసల మధ్య నడుములు వంచి ఏరుతూనే ఉంటారు. నెలకో శనివారం పాత బడిలో ఉన్న మ్యూజియంలో క్రైన్ బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఎవరికి ఏది దొరికినా తెచ్చి చూపిస్తారు. నిజమైన పన్నయితే పసుపు కార్డు రాసిస్తాడు. అందులో దొరికినవారి పేరు, దొరికిన చోటు, తేదీ, అది ఏ జంతువుది, ఎంత పాతది, చివర సంతకం ఉంటాయి. చోటు చెప్పలేనివాళ్ళకు కార్డు లేదు. ఆ ఒక్క విషయంలో ఆయన సొంత తోడల్లుణ్ణి కూడా వదిలిపెట్టలేదు.

క్రైన్‌కు డెబ్బై ఒకటి. నలభై ఒక్క ఏళ్ళు కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో ఉన్నాడు. ఆదివారం చర్చిలో కీర్తన మొదలవగానే ఎవరి నోట్లో ఉన్నది తన చేతి పలువరుసో వెనక బెంచీ నుంచే చెప్పగలడు. వాడెవడో పాలియంటాలజీ చదివిన కుర్రాడు ఒకసారి "మీ అర్హత ఏమిటి?" అని అడిగితే, "నోళ్ళు" అన్నాడట. అంతకంటే వివరం ఇవ్వలేదు.

ఇరవయ్యో మనిషి లెవీనా ద హుల్లు. యాభై రెండేళ్ళ మనిషి, బస్సు నడుపుతుంది. తొమ్మిదేళ్ళుగా డ్యూటీ దిగిన ప్రతి సాయంత్రం ఇసుకలో నడిచే అలవాటు. చిన్నా చితకా పళ్ళు వందలు దొరికాయి గానీ, మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టదగ్గది ఒక్కటీ లేదు. పెట్టెలో ప్రతి వస్తువు కిందా దొరికినవారి పేరుంటుంది. ఆమెకు కావలసింది ఆ పేరు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, అయినా ఊరందరికీ తెలుసు.

"ఏం లెవీనా, ఈసారి ఏ ఆవుది?" అన్నాడు క్రైన్.

"మీరే చెప్పండి. నేను చెబితే నవ్వుతారుగా."

"నవ్వను. నవ్వితే నా పై వరస జారుతుంది."

ఆమె మిఠాయి డబ్బా తీసింది. బాబలార్లని మా వైపు వెన్నతో చేసే గట్టి మిఠాయి ఉంటుంది, ఆ డబ్బా. లోపల దూది. దూదిలో బొటనవేలంత నల్లటి పన్ను. ఒకే వేరు మీద పక్కపక్కన పదకొండు మొనలు, పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతూ, అచ్చం దువ్వెనలా.

క్రైన్ భూతద్దం కోసం చెయ్యి చాపాడు. భూతద్దం ఆయన మెడలోనే ఉంది.

దువ్వెన పన్ను ఒక జాతి సొరచేపది. మ్యూజియంలో దానివి నాలుగు ముక్కలున్నాయి. రెండు మొనలు, మూడు మొనలు మిగిలినవి. ముక్క కానిది, నిండుగా ఉన్నది ఒక్కటి కూడా లేదు.

"ఎక్కడ?"

"మూడో గుంజల వరస దగ్గర. పోటు దిగుతున్నప్పుడు."

"ఎప్పుడు?"

"మే నెలలో. పిల్లల పండగ అయిన తరవాత మంగళవారం."

క్రైన్ పన్నును దూదిలో పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"మే నెల నుంచి ఇప్పటిదాకా ఏం చేశావు?"

"పుస్తకాలు తిరగేశాను. మీ చేత ఇంకోసారి కాదనిపించుకునే ఓపిక లేక. ఇప్పటికి నలభై మూడు సార్లు అన్నారు, లెక్క నా దగ్గరుంది. ఇప్పుడు చెప్పండి, ఔనా కాదా?"

ఇంతలో మ్యూజియం చూసుకునే యోస్ ఫెర్‌హాగే వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు. మ్యూజియం సంఘం వేసే పత్రికకూ అతనే సంపాదకుడు.

"అమ్మో! నిండు దువ్వెన! లెవీనా, నువ్వు మొదటి పేజీ. గురువారం ప్రెస్సుకు పోతుంది. క్రైన్ గారూ, కార్డు రాసెయ్యండి, ఫొటో తీసుకుంటా."

"నాలుగు రోజులు నా దగ్గర ఉండనీ," అన్నాడు క్రైన్.

లెవీనా ఆయన్ని ఎగాదిగా చూసింది. "రసీదు ఇవ్వండి."

"నా దగ్గర రసీదా?"

"మీరే కదా, కాగితం లేనిది చెల్లదనేది."

రసీదు రాసిచ్చాడు. పదకొండు మొనలు అని కూడా రాయించుకుంది.

*

క్రైన్‌ను పట్టుకున్న చిక్కు పన్నులో లేదు. ఏటా మే రెండో శనివారం పిల్లల పండగ. నూరు, నూటయాభై మంది పిల్లలు చిన్న జల్లెళ్ళు పట్టుకుని రెండో వరస నుంచి నాలుగో వరస దాకా ఇసుక జల్లిస్తారు. ఏ ఒక్కరూ ఒట్టి చేతులతో ఇంటికి వెళ్ళరు. ఎందుకు వెళ్ళరంటే, ఆ రోజు ఉదయం అయిదున్నరకు క్రైన్ బకెట్టుతో వెళ్ళి, పొలంలో విత్తనాలు చల్లినట్టు, పళ్ళు చల్లి వస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మొన విరిగినవీ, అరిగినవీ, తన పెట్టెల్లో ఎక్కువై పక్కన పెట్టినవీ మాత్రమే చల్లుతాడు. అన్నీ ఈ తీరంలో దొరికినవే. సముద్రానివి సముద్రానికే ఇస్తున్నాను కదా అని ఆయన సమాధానం. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, భార్య మాట్యే, యోస్.

కానీ ఈ ఏడు పెట్టెలు అడుగంటాయి. ఏప్రిల్‌లో తోనా రిస్సేవ్ ఒక బిస్కెట్ల డబ్బా పంపింది. తోనా మొగుడు ఆబ్రాం పోయి రెండేళ్ళు. ఆయనా పళ్ళ పిచ్చివాడే, కానీ ఏరడంతో ఊరుకోలేదు, ఇచ్చిపుచ్చుకునేవాడు. ఆంట్‌వెర్ప్ రేవు తవ్వకాల మట్టిలోవీ, మొరాకోవీ, అమెరికా నదుల్లోవీ పోస్టులో తెప్పించుకునేవాడు. డబ్బాలో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. క్రైన్ వాటిని వంటింటి బల్లమీద పోసి, ఇక్కడివి కానివన్నీ రంగు చూసి పక్కకు తీశాడు. మొరాకోవి తేనె రంగు, ఆంట్‌వెర్ప్‌వి బూడిద నీలం, మనవి నలుపు. కష్టమేముంది?

కష్టం ఏమిటంటే, జులైలో ఆయన కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి, వంటింటి గోడలకు రంగెప్పుడు వేయించావని మాట్యేను అడిగాడు. గోడలు ఆరేళ్ళుగా తెల్లగానే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఆయనకు ప్రపంచమంతా పల్చటి టీ రంగులో ఉండేది.

అందుకే శనివారం మధ్యాహ్నం ఆయన ముందు బోలుస్ రొట్టె పెట్టినా తినలేదు. పాకంలో చుట్టిన ఆ దాల్చినచెక్క రొట్టెను వదిలేసిన రోజు మాట్యేకు గుర్తులేదు.

"ఆ డబ్బాలో దువ్వెన చూశావా నువ్వు?" అన్నాడు.

"నేను చూసింది డబ్బా మీద పిల్లి బొమ్మ."

"నేను పక్కకు తీసింది ఎన్ని, చల్లింది ఎన్ని?"

"బకెట్టుకు అడుగు కనపడలేదు. అంతే తెలుసు."

"దువ్వెన ఉంటే నాకు తెలియకుండా పోతుందా? పదకొండు మొనలు! వేలు పెడితేనే తెలిసిపోతుంది."

"మరి తెలిస్తే నన్నెందుకు అడుగుతున్నావు?"

ఆయన రొట్టెను పక్కకు జరిపాడు. పన్ను పట్టుకున్న క్షణంలో ఇది ఎక్కడో చూశాను అనిపించింది. అది బిస్కెట్ల డబ్బాలో చూసిందా, పుస్తకంలో చూసిందా, లేక నలభై ఏళ్ళుగా దొరకాలని కోరుకుని కోరుకుని మనసులోనే చూసిందా?

*

సోమవారం తోనా ఇంటికి వెళ్ళి, ఆబ్రాం పళ్ళ లెక్క రాసుకునే నోటుపుస్తకం అడిగాడు. తోనాకు డెబ్బై ఎనిమిది, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"పోయినవాడి పుస్తకంలో నీకేం పని, క్రైన్? అప్పేమైనా ఉన్నాడా?"

"ఒక పన్ను గురించి."

"ఆయన బతికున్నప్పుడూ ఇదే గోల. పెళ్ళిరోజున కూడా జేబులో పళ్ళున్నాయి. తీసుకో."

ఆబ్రాం నోటుపుస్తకంలో పద్నాలుగో పేజీలో దొరికింది: "దువ్వెన, నిండువి, రెండు. ఆంట్‌వెర్ప్, రేవు మట్టి." గాజు బీరువా మూడో అరలో అట్టముక్కకు అంటించి ఒకటి ఉంది. రెండోది లేదు.

క్రైన్ దాన్నీ, లెవీనా పన్నునూ కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టాడు. కొత్త కన్ను బాగానే పనిచేస్తోంది. ఆబ్రాంది బూడిద నీలం, వేరు అంచులు నిన్న విరిగినట్టు పదునుగా ఉన్నాయి. లెవీనాది నలుపు, అంచులు నాకిన మిఠాయిలా గుండ్రంగా అరిగాయి. అలా అరగాలంటే అలల్లో ఏళ్ళ తరబడి దొర్లాలి. మూడు రోజులు చాలవు. ఆయనకు కాస్త ఊపిరాడింది.

"రెండోదీ ఇలాగే ఉండేదా?"

"ఇలాగే అంటే?"

"ఈ రంగులో."

తోనా రెండూ చూసింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తీసేసి చూసింది. "ఒకటి బాగున్నది, ఒకటి బాగోనిది అని ఉండేవి. బాగున్నదాన్ని అంటించాడు. బాగోనిది అంటే నల్లదా, అరిగిందా, నాకేం తెలుసు? నేను దుమ్ము దులిపేదాన్ని, పళ్ళు తోమేదాన్ని కాదు."

"బాగోనిది ఏం చేశాడు?"

"తమ్ముడికి ఇచ్చాడేమో. లేకపోతే డబ్బాలో పడేశాడు. ఆయన సగం ప్రాణం ఆ డబ్బాలోనే ఉండేదిగా."

ఆంట్‌వెర్ప్ రేవు మట్టి కూడా ఒకప్పుడు సముద్రపు అడుగే. అక్కడ కూడా అరిగిన పన్ను ఉండకూడదని రూలేమీ లేదు. ఇక నలుపు సంగతి. నల్లగా ఉంటే పాతది, నల్లగా ఉంటే మనది అనుకోవడం మా తీరంలో అందరూ చేసే పొరపాటు. మా బురదలో కొన్నేళ్ళు పడుంటే మొన్న చచ్చిన ఆవు పన్ను కూడా బొగ్గులా అవుతుంది. ఈ మాట బల్ల దగ్గర రోజుకు పదిసార్లు చెప్పేది క్రైనే.

మంగళవారం గెంట్‌లో ఉండే ఆబ్రాం తమ్ముడు ఉర్బేన్‌కు ఫోన్ చేశాడు.

"ఇచ్చాడు, ఇచ్చాడు," అన్నాడు ఉర్బేన్ హుషారుగా. "నల్లగా ఉండేది."

"దువ్వెనలా?"

"దువ్వెనో, రంపమో. నల్లగా... కాదు, బూడిద రంగు. ఆగండి, మా ఆవిణ్ణి అడుగుతా." అవతల ఏదో వాదన. "మా ఆవిడ అసలు ఇవ్వలేదంటోంది. ఇచ్చింది గవ్వట. కానీ నా మనవరాలు చేపల తొట్టిలో వేసింది నాకు గుర్తే."

"తొట్టి ఉందా?"

"పోయినేడే ఎవరికో ఇచ్చేశాం, చేపలతో సహా."

క్రైన్ ఫోన్ పెట్టేసి, ఒక కాగితం మీద నిలువుగా గీత గీశాడు. ఎడమవైపు "సముద్రం", కుడివైపు "నేను" అని రాశాడు. సముద్రం కింద: అరిగిన వేరు, నలుపు, పక్కకు తీసిన జ్ఞాపకం లేదు. నేను కింద: మూడో వరస, మంగళవారం, డబ్బా, కన్ను, పోయిన రెండోది. కాసేపటికి "పక్కకు తీసిన జ్ఞాపకం లేదు" అన్నదాన్ని కొట్టేసి కుడివైపు రాశాడు. తరవాత రెండువైపులా రాశాడు. పైగా ఆ ఒడ్డున ఉన్న ఇసుక కూడా అక్కడిది కాదు. ఒడ్డు కోసుకుపోతోందని రెండు చలికాలాల కిందట ఓడలు సముద్రపు అడుగు నుంచి తోడి పోసిన ఇసుక అది. సముద్రమే ఇచ్చి ఉన్నా, ఏ చోటునుంచి ఇచ్చిందో ఎవరు చెబుతారు?

మాట్యే ఆ కాగితం చదివింది. "లెవీనాకు చెప్పు," అంది.

"చెబితే పండగ పోతుంది. పిల్లల సంగతి ఆలోచించు. చెప్పకుండా సంతకం పెడితే..."

"పెడితే?"

"నిజమే కావచ్చు."

"కావచ్చు అని ఆ పంతొమ్మిది మందిలో ఎవరికైనా రాసిచ్చావా?"

*

బుధవారం మధ్యాహ్నం లెవీనా బస్సు ఆఖరి స్టాపులో పన్నెండు నిమిషాలు ఆగుతుంది. క్రైన్ ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని మొత్తం చెప్పాడు. బకెట్టు, డబ్బా, కన్ను, పద్నాలుగో పేజీ, చేపల తొట్టి. లెవీనా జున్ను పెట్టిన రొట్టె తింటూ వింది. సగంలో తినడం ఆపేసింది.

"అంటే తొమ్మిదేళ్ళూ నేను ఏరింది మీరు పారేసినవా?"

"అన్నీ కాదు. మే నెలవి, కొన్ని."

"ఏవి?"

"తెలీదు."

"నలభై మూడుసార్లు కాదన్నారే, వాటిలో మీ చేత్తో మీరు చల్లినవి కూడా కాదన్నారా?"

"అద్దాల పెట్టెకు పనికిరానంత అరిగినవి కదా మరి," అన్నాడు క్రైన్. అని, అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు.

లెవీనాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆయనకు నచ్చలేదు. ఆమెకూ నచ్చినట్టు లేదు. వెంటనే ఆగిపోయింది.

"పిల్లల కోసం చేశారు, సరే. పెద్దవాళ్ళం కూడా అక్కడే తిరుగుతామని తోచలేదా?"

"పిల్లలు అన్నీ ఏరేస్తారనుకున్నాను."

"ఇరవై రెండేళ్ళు అనుకున్నారా?" రొట్టెను కాగితంలో చుట్టేసింది. "సరే, ఇప్పుడు బల్ల దగ్గర కూర్చున్నట్టు చెప్పండి. ఇది నాదా, కాదా?"

"నాకు తెలీదు."

"సగం సగమా?"

"అది కూడా తెలీదు. పొద్దున సముద్రమనిపిస్తుంది. మధ్యాహ్నానికి డబ్బా అనిపిస్తుంది."

"మీరే ఇలా అంటే నేనెవరిని అడగాలి? ఆంట్‌వెర్ప్ పంపిద్దామా? పెద్ద మ్యూజియానికి?"

"పంపినా, ఏ చేపదో చెబుతారు, ఎన్ని ఏళ్ళదో చెబుతారు. ఎవరి చేతిలోంచి పడిందో చెప్పరు."

బయలుదేరే టైమయింది. ముగ్గురు ముసలమ్మలు ఎక్కారు. లెవీనా అద్దంలో ఆయన్నే చూస్తూ తలుపులు మూసింది. "దిగండి క్రైన్ గారూ, లేకపోతే టికెట్టు తీసుకోవాలి." ఆయన దిగుతుంటే వెనకనుంచి అంది: "కార్డు మాత్రం కావాలి. ఉన్నది ఉన్నట్టు రాయండి. తెలీదంటే తెలీదనే రాయండి. మీ సంతకం ఉండాలి."

ఆ సాయంత్రం క్రైన్ కార్డు రాశాడు. పేరు: లెవీనా ద హుల్లు. చోటు: మూడో గుంజల వరస. తేదీ: పిల్లల పండగ తరవాతి మంగళవారం. పన్ను: దువ్వెన, నిండుది, పదకొండు మొనలు. ఆ కింద, స్థలం చాలక కార్డు వెనక్కి తిప్పి: "సముద్రం తెచ్చిందో, నేను చల్లానో తెలీదు." సంతకం.

యోస్ అది చదివి కుర్చీలో కూలబడ్డాడు. "ఇరవై రెండేళ్ళ కార్డులన్నీ అనుమానంలో పడతాయి, క్రైన్ గారూ! నేను మొదటి పేజీ కట్టేశాను!"

"విప్పు," అన్నాడు క్రైన్.

మొదటి పేజీలో కొత్త సైకిల్ స్టాండు గురించి వేశారు. పన్ను ఆరో పేజీలో, ఏడు లైన్లు. అందులో బకెట్టు సంగతి కూడా ఉంది. ఊళ్ళో గొడవవుతుందని క్రైన్ రెండు వారాలు బేకరీకి మాట్యేను పంపాడు. గొడవేమీ కాలేదు. ఒకాయన తన కార్డు తెచ్చి బల్లమీద పెట్టి, "ఇది కూడా మీదేనా?" అన్నాడు. ఒకావిడ, పిల్లలకు మాత్రం చెప్పొద్దండీ అని బతిమాలింది. లెవీనా తన డబ్బాలన్నీ తెచ్చి పోసింది. మొత్తం ఆరువందల పన్నెండు పళ్ళు, ప్రతిదానికీ తేదీ, చోటు రాసిన చీటీ. మే నెలలో రెండో వరసకూ నాలుగో వరసకూ మధ్య దొరికినవి ఎనభై ఎనిమిది. వాటిని విడిగా ఒక పెట్టెలో పోసి, మీద "క్రైన్‌వి కావచ్చు" అని రాసింది. ఆ పెట్టెను ఆయనకు ఇవ్వలేదు, పారెయ్యనూ లేదు.

దువ్వెన పన్ను అద్దాల పెట్టెలో ఉంది. కింద ఆమె పేరుంది. పక్కన కార్డు, వెనకవైపు కనపడేట్టు నిలబెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు పన్నుకంటే కార్డునే ఎక్కువసేపు చదువుతారు. చదివి, "అంటే ఏంటి?" అని యోస్‌ను అడుగుతారు.

చలికాలమంతా క్రైన్ అటకమీది పాత పనిముట్లు దించి కూర్చున్నాడు. కట్టుడు పళ్ళను సానబట్టే చిన్న మిషనుతో, చల్లడానికి కొత్తగా ఏరి తెచ్చిన ప్రతి పన్ను వేరు అడుగునా సన్నటి గాటు పెట్టాడు. పిల్లల కంటికి ఆనదు, భూతద్దంలో తెలుస్తుంది. కొన్ని విరిగాయి. గాటు పెట్టాక కూడా ఒక్కోటి ఎత్తి పట్టుకుని, ఇది నాదేనా అని చూసుకుంటున్నాడని మాట్యే చెప్పింది.

మే రెండో శనివారం అయిదున్నరకు ఇద్దరు వెళ్ళారు. బకెట్టు లెవీనా పట్టుకుంది, ఆయన చల్లాడు. చల్లినవి నూట అరవై. సాయంత్రానికి పిల్లలు బల్ల దగ్గరికి తెచ్చినవాటిలో గాటున్నవి తొంభై నాలుగు, లేనివి పదకొండు. గాటున్న మిగతా అరవై ఆరు ఇసుకలోనే ఉన్నాయి.